మంచి కొవ్వు ఎక్కడ దొరుకుతుంది: అసంతృప్త కొవ్వుల లెక్క, వాటి చుట్టూ నడుస్తున్న వాదం

కొవ్వు తగ్గించుకోమన్న సలహా వింటూ పెరిగిన తరానికి ఇప్పుడు రోజూ గుప్పెడు బాదం పప్పులు తినమని, వారానికి రెండుసార్లు చేప తినమని, వెన్న మాని ఆలివ్ నూనె వాడమని చెబుతున్నారు. ఆ మాట చెవిన పడి నాలుగు రోజులు గడవకముందే మరొకరు వచ్చి, గింజల నుంచి తీసే నూనెలన్నీ ఒంటికి చేటని, వాటికంటే వెన్నే నయమని అంతే ధీమాగా వాదిస్తున్నారు. ఇద్దరి వాదమూ తిరిగేది ‘అసంతృప్త కొవ్వు’ అన్న ఒక్క మాట చుట్టూనే. ఆ మాటకు అర్థం సరిగా తెలియకపోవడం సగం గందరగోళానికి కారణం. ఒక కొవ్వు మంచిదా చెడ్డదా అన్నది, దాన్ని దేనికి బదులుగా తింటున్నామో తెలిస్తే తప్ప తేలదన్న సంగతిని అందరూ మరచిపోవడం మిగిలిన సగానికి కారణం.

## ‘సంతృప్తి’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది

మనం తినే కొవ్వులో అత్యధిక భాగం ట్రైగ్లిసరైడ్ల రూపంలో ఉంటుంది. గ్లిసరాల్ అనే చిన్న అణువుకు మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు తగిలి ఉంటే అది ఒక ట్రైగ్లిసరైడ్. ఆ గొలుసులోని కార్బన్ పరమాణువులు తాము పట్టుకోగలిగినన్ని హైడ్రోజన్ పరమాణువులను పట్టుకుని ఉంటే, ఇక కొత్తవాటికి చోటు లేదు కనుక దాన్ని సంతృప్త కొవ్వు ఆమ్లం అన్నారు. పక్కపక్కనే ఉన్న రెండు కార్బన్లు చెరొక హైడ్రోజన్‌ను వదులుకుని తమ మధ్య ద్విబంధం ఏర్పరచుకుంటే అది అసంతృప్తం. అటువంటి ద్విబంధం ఒక్కటే ఉంటే ఏక అసంతృప్తం, రెండు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే బహు అసంతృప్తం. నూనె సీసాల మీద కనిపించే మూఫా, పూఫా అన్న పొట్టి పేర్లు వరుసగా ఈ రెండింటివే.

సహజంగా దొరికే కొవ్వుల్లో ఈ ద్విబంధం ఉన్నచోట గొలుసు వంగుతుంది. నిటారు కర్రలను మోపుగా కట్టడం తేలిక; వంకర కర్రలు ఒకదాని పక్కన ఒకటి ఒదగవు. సంతృప్త కొవ్వు గట్టిపడటానికీ, అసంతృప్త కొవ్వు నూనెగా పారడానికీ మూలం ఇదే. 18 కార్బన్లున్న మూడు ఆమ్లాలను వరుసగా చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. ఒక్క ద్విబంధమూ లేని స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఒక ద్విబంధమున్న ఓలియిక్ ఆమ్లం 13 డిగ్రీలకే కరుగుతుంది. రెండున్న లినోలియిక్ ఆమ్లం సున్నాకు 5 డిగ్రీల దిగువన కూడా ద్రవంగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన ఆలివ్ నూనె మరునాటికి మబ్బు పట్టినట్టు తెల్లబారి చిక్కబడటం, పక్కనే ఉన్న పొద్దుతిరుగుడు నూనె తేటగా ఉండిపోవడం ఈ అంకెలకు వంటింటి రూపం. ఆలివ్ నూనె అసలుదో కల్తీదో దీంతో తేల్చవచ్చని కొందరు చెబుతారు గాని, అది నమ్మదగ్గ పరీక్ష కాదు. అసలైన నూనెలు కూడా రకాన్ని బట్టి వేర్వేరుగా గడ్డకడతాయి.

ఒక మినహాయింపును ఇక్కడే చెప్పుకోవాలి. నూనెలోకి హైడ్రోజన్‌ను పంపి పాక్షికంగా గట్టిపరిచినప్పుడు కొన్ని ద్విబంధాలు పోకుండా మిగిలినా, వంపు మాత్రం పోయి గొలుసు నిటారవుతుంది. వాటిని ట్రాన్స్ కొవ్వులంటారు. రసాయన నిర్వచనం ప్రకారం ఇవీ అసంతృప్త కొవ్వులే. అయినా చెడ్డ కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్‌ను పెంచి, మంచిదనే హెచ్‌డీఎల్‌ను తగ్గించేవి ఇవే. డెన్మార్క్ 2003లో వీటికి చట్టపరమైన పరిమితి విధించింది. ఆ తరువాత చాలా దేశాలు అదే దారిలో నడిచాయి. కాబట్టి ‘అసంతృప్తం’ అన్న మాట ఒక్కటే మేలుకు పూచీ కాదు.

## ఏ ఆహారంలోనూ ఒకే కొవ్వు ఉండదు

‘ఆలివ్ నూనె మంచి కొవ్వు, వెన్న చెడు కొవ్వు’ అని ఒక్క ముక్కలో తేల్చేటప్పుడు జరిగే పొరపాటు, ఒక ఆహారాన్ని ఒక కొవ్వుగా లెక్కకట్టడం. ఆలివ్ నూనెలో సుమారు 73 శాతం ఏక అసంతృప్తం, సుమారు 10 శాతం బహు అసంతృప్తం ఉంటే, 14 శాతం దాకా సంతృప్త కొవ్వూ ఉంటుంది. పంది కొవ్వును చాలామంది సంతృప్త కొవ్వుకు మారుపేరుగా వాడతారు. దానిలో సంతృప్తం సుమారు 39 శాతమైతే, ఏక అసంతృప్తం 45 శాతం. ఈ లెక్క మొదటిసారి చూసినప్పుడు పట్టికలో వరుసలు తారుమారయ్యాయేమో అనిపిస్తుంది. అంతమాత్రాన అది ఆలివ్ నూనెకు సాటి కాదు, ఎందుకంటే 39 శాతం చిన్న భాగమేమీ కాదు.

మిగిలిన నూనెల అంకెలు పంట రకాన్ని బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి గాని, స్థూలంగా ఇలా ఉంటాయి. వేరుశనగ నూనెలో ఏక అసంతృప్తం 46 శాతం, బహు అసంతృప్తం 32 శాతం, సంతృప్తం 17 శాతం. నువ్వుల నూనెలో అసంతృప్తాలు రెండూ చెరొక 40 శాతం చొప్పున దాదాపు సమానంగా ఉంటాయి. సోయా నూనెలో బహు అసంతృప్తానిదే పైచేయి, 58 శాతం దాకా. ఆవ జాతి మొక్క గింజల నుంచి తీసే కనోలా నూనెలో సంతృప్తం 7 శాతమే. వాడుకలో ఉన్న నూనెల్లో ఇది అతి తక్కువ. పామాయిల్‌లో సంతృప్తం సగానికి సగం. కొబ్బరి నూనెలో 80 శాతం దాటుతుంది. చెట్టు నుంచి వచ్చే కొవ్వంతా అసంతృప్తమనే నమ్మకం ఈ చివరి రెండింటి దగ్గర తలకిందులవుతుంది.

## ఏక అసంతృప్తం, ఒమేగా-6, ఒమేగా-3: వేటిలో ఏది

ఏక అసంతృప్త కొవ్వుకు ఆలివ్ నూనె తరువాత చెప్పుకోవలసినవి గింజలు, పప్పులు. 100 గ్రాముల బాదంలో సుమారు 50 గ్రాముల కొవ్వుంటే అందులో 31 గ్రాములు ఏక అసంతృప్తం, 12 గ్రాములు బహు అసంతృప్తం, సంతృప్తం 4 గ్రాముల లోపే. వేరుశనగ పప్పుల్లోనూ మొత్తం కొవ్వు దాదాపు అంతే, అందులో సగం ఏక అసంతృప్తం. హేజెల్‌నట్, పిస్తా, జీడిపప్పు ఈ కోవలోకే వస్తాయి. పండ్లలో కొవ్వుండటమే అరుదు. ఆవకాడో ఆ అరుదైన పండు. దాని 100 గ్రాముల గుజ్జులో 15 గ్రాముల కొవ్వు, అందులో 10 గ్రాములు ఏక అసంతృప్తం.

బహు అసంతృప్త కొవ్వుల్లో ఒమేగా-6, ఒమేగా-3 అని రెండు కుటుంబాలున్నాయి. గొలుసులో గ్లిసరాల్‌కు తగలని చివర నుంచి లెక్కిస్తే మొదటి ద్విబంధం ఎన్నో కార్బన్ దగ్గర వస్తుందో ఆ అంకే ఆ పేరు. ఒమేగా-6లో ముఖ్యమైన లినోలియిక్ ఆమ్లాన్నీ, ఒమేగా-3లో ముఖ్యమైన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాన్నీ మన శరీరం సొంతంగా తయారుచేసుకోలేదు, ఆహారం నుంచి అందాల్సిందే. కొవ్వు బొత్తిగా లేని మేత పెట్టిన ఎలుకలు జబ్బుపడటాన్ని గమనించి జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు 1929లో దీన్ని వెలుగులోకి తెచ్చారు. అంతకుముందు కొవ్వును కేలరీల మూటగా మాత్రమే చూసేవారు.

ఒమేగా-6కు కరువు లేదు. పొద్దుతిరుగుడు, సోయా, మొక్కజొన్న, కుసుమ నూనెలతో పాటు నువ్వులు, గుమ్మడి గింజలు, వాల్‌నట్ అన్నింటిలోనూ అది పుష్కలం. ఒమేగా-3 అలా కాదు. మొక్కల్లో దాని చిరునామాలు కొన్నే: 100 గ్రాముల అవిసె గింజల్లో దాదాపు 23 గ్రాములు, చియా గింజల్లో 18 గ్రాముల దాకా, వాల్‌నట్‌లలో 9 గ్రాముల దాకా, కనోలా, సోయా నూనెల్లోనూ కొంత. ముప్పై గ్రాముల వాల్‌నట్‌లతో రెండున్నర గ్రాములకు పైగానే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అందుతుంది. అమెరికా జాతీయ అకాడమీలు పెట్టిన ప్రమాణం రోజుకు పురుషులకు 1.6 గ్రాములు, స్త్రీలకు 1.1 గ్రాములు కనుక, లెక్క అక్కడికి తీరిపోయినట్టే కనిపిస్తుంది.

చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. మెదడు, కంటి రెటీనా వాడుకునే డీహెచ్ఏ, దాని తోబుట్టువు ఈపీఏ ఇంకా పొడవైన ఒమేగా-3 గొలుసులు. మొక్కల ఒమేగా-3 నుంచి శరీరం వీటిని తయారుచేసుకోగలదు గాని, ఆ మార్పు చాలా కొద్దిపాటిదే. ముఖ్యంగా డీహెచ్ఏ అయ్యే భాగం చాలా పరిశోధనల్లో ఒక శాతానికి మించలేదు. అందుకే అవిసె గింజల 23 గ్రాములనూ సాల్మన్ చేపలో 100 గ్రాములకు ఉండే 2 గ్రాముల ఈపీఏ, డీహెచ్ఏలనూ ఒకే తక్కెడలో తూచలేం. సార్డిన్, మాకెరల్ వంటి కొవ్వు చేపలదీ ఇదే వర్గం. కాడ్ వంటి తెల్ల కండ చేపల్లో ఇవి బాగా తక్కువ. చేపలకు కూడా ఈ కొవ్వు తమ తయారీ కాదు, సముద్రంలోని సూక్ష్మ శైవలాల నుంచి ఆహారపు గొలుసు మీదుగా చేరినది. చేప ముట్టనివారి కోసం శైవలాల నుంచే నేరుగా తీసిన నూనె గుళికలుగా వస్తున్నది ఈ కారణంగానే.

గుళికల సంగతి వేరు. 25,871 మంది పాల్గొన్న వైటల్ అనే పరీక్షలో రోజుకు ఒక గ్రాము ఒమేగా-3 గుళిక తీసుకున్నవారిలో ప్రధానమైన గుండె, రక్తనాళ ఘటనలు చెప్పుకోదగినంత తగ్గలేదని 2018లో తేలింది. చేప తినేవారిలో గుండె జబ్బులు తక్కువని గమనించిన అధ్యయనాలకు ఇది పూర్తి విరుద్ధమేమీ కాదు. పళ్లెంలో చేప ఉన్నచోట సాధారణంగా మాంసమో మరొకటో ఉండదు, గుళిక దేన్నీ పక్కకు నెట్టదు.

## పప్పులోని కొవ్వు, సీసాలోని కొవ్వు

అంకెలు ఒకటే అయినా శరీరానికి అందేది ఒకటి కాకపోవచ్చు. బాదం పప్పును కొరికి, విరిగిన అంచును భూతద్దంలో చూస్తే నూనె బయటికి కారుతూ కనిపించదు. అది లెక్కలేనన్ని కణాల గోడల వెనుక బందీగా ఉంటుంది. మన పళ్లు వాటిలో కొన్నింటినే చీల్చగలవు. మిగిలినవి గోడలతో సహా పేగులు దాటి బయటికి పోతాయి. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన అధ్యయనంలో 28 గ్రాముల బాదం నుంచి శరీరానికి అందినది సుమారు 129 కేలరీలే అని తేలింది. పాత లెక్క ప్రకారం పొట్లం మీది చీటీలో వేసేది 170 దాకా. అదే పప్పును మెత్తగా నూరి వెన్నలా చేస్తే గోడలు పగిలిపోతాయి గనుక ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది.

అవిసె గింజ ఇంకా మొండిది. నమలకుండా మింగిన గింజ చాలాసార్లు లోపలికి వెళ్లినట్టే బయటికి వస్తుంది. ఒమేగా-3 కోసం తిన్నామనుకుంటే అది కాగితం మీది ఒమేగా-3 మాత్రమే. పొడి కొడితే కొవ్వు అందుబాటులోకి వస్తుంది. కాకపోతే పొడి కొట్టిన క్షణం నుంచి దానికి గాలి తగలడం కూడా మొదలవుతుంది.

పప్పులతో పాటు పీచు, ప్రొటీన్, మెగ్నీషియం, ఇ విటమిన్ వస్తాయి. సీసా నూనెతో ప్రధానంగా కొవ్వే వస్తుంది. పప్పులు తినేవారి ఆరోగ్యంలో కనిపించే మేలును మొత్తంగా అసంతృప్త కొవ్వు ఖాతాలో వేయడం తొందరపాటని నా అభిప్రాయం.

## మేలంతా ‘బదులుగా’ అన్న మాటలో ఉంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలు తీసుకునే మొత్తం శక్తిలో కొవ్వు వాటా 30 శాతం మించకూడదు, సంతృప్త కొవ్వు 10 శాతం లోపు, ట్రాన్స్ కొవ్వు ఒక శాతం లోపు ఉండాలి. రోజుకు 2,000 కేలరీలు తీసుకునే వ్యక్తికి 10 శాతమంటే 200 కేలరీలు. గ్రాము కొవ్వుకు 9 కేలరీల చొప్పున సుమారు 22 గ్రాములు. ఒక పెద్ద చెంచా వెన్న 14 గ్రాములు తూగుతుంది, అందులో సంతృప్త కొవ్వు 7 గ్రాములకు కాస్త పైన. అంటే మూడు చెంచాల వెన్నతో ఆ రోజు పరిమితి దాదాపు నిండిపోతుంది. అవే మూడు చెంచాలు ఆలివ్ నూనె అయితే సంతృప్తం 6 గ్రాముల లోపే ఉంటుంది, ఏక అసంతృప్తం 30 గ్రాముల దాకా వస్తుంది. కేలరీలు మాత్రం తగ్గవు సరికదా, వెన్నలో కొంత నీరుంటుంది గనుక నూనెలో 50 ఎక్కువే. మంచి కొవ్వు తింటే బరువు తగ్గుతారన్న ప్రచారం ఈ ఒక్క లెక్క ముందు నిలవదు.

మరి మేలు ఎక్కడ? సంతృప్త కొవ్వు ఎక్కువైనప్పుడు రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగే గ్రాహకాలు కాలేయంలో తగ్గుతాయి. దాని స్థానంలో అసంతృప్త కొవ్వు వస్తే అవి మళ్లీ పెరిగి, రక్తంలో ఎల్‌డీఎల్ తగ్గుతుంది. వెన్న మాని ఆ స్థానంలో చక్కెర, మైదా పెంచుకున్నవారికి ఈ లాభం దక్కదు. కొవ్వు తీసేసి తీపి పెంచిన ‘లో ఫ్యాట్’ సరుకుల యుగం అనుకున్న ఫలితం ఎందుకు ఇవ్వలేదో చెప్పే కారణాల్లో ఇదొకటి. 2014లో వచ్చిన ఒక విస్తృత విశ్లేషణ సంతృప్త కొవ్వుకూ గుండె జబ్బుకూ స్పష్టమైన సంబంధం కనిపించలేదంటే, ‘వెన్న నిర్దోషి’ అని శీర్షికలు వచ్చాయి. ఆ విశ్లేషణ మీద వచ్చిన ప్రధాన విమర్శ కూడా ఈ మాట గురించే: సంతృప్త కొవ్వు తక్కువ తిన్నవారు దాని బదులు ఏం తిన్నారో అది విడదీసి చూడలేదు. వైద్య పరిశోధనలను కూడి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2020లో పరీక్షలన్నింటినీ కూడి చూసినప్పుడు, రెండేళ్లకు తగ్గకుండా సంతృప్త కొవ్వు తగ్గించుకున్నవారిలో గుండె, రక్తనాళ ఘటనలు సుమారు 17 శాతం తగ్గాయి; మొత్తం మరణాల్లో మాత్రం తేడా దాదాపుగా లేదు. ఈ రెండు వాక్యాల్లో ఒకదాన్ని మాత్రమే ఎత్తిచూపి ఏ పక్షమైనా గెలవవచ్చు.

ఈ రంగంలో తరచుగా ఉదహరించే ప్రెడిమెడ్ పరీక్ష కథ కూడా అంత నున్నగా లేదు. స్పెయిన్‌లో 7,447 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎక్స్‌ట్రా వర్జిన్ (శుద్ధి చేయని మేలు రకం) ఆలివ్ నూనె, మరొక గుంపుకు రోజుకు 30 గ్రాముల వాల్‌నట్, హేజెల్‌నట్, బాదం మిశ్రమం ఇచ్చి మధ్యధరా తరహా భోజనం చేయమన్నారు. మూడో గుంపుకు కొవ్వు తగ్గించుకోమని చెప్పారు. మొదటి రెండు గుంపుల్లో గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు 30 శాతం తక్కువని 2013లో ప్రకటించారు. కొందరిని గుంపులకు కేటాయించిన తీరులో లోపాలు బయటపడటంతో 2018లో ఆ పత్రాన్ని వెనక్కు తీసుకుని, లెక్కలు సవరించి మళ్లీ ప్రచురించారు. ఫలితం దాదాపు అంతే వచ్చింది, దాన్ని చెప్పే స్వరం మాత్రం తగ్గింది.

## విత్తన నూనెల మీద అభియోగం

ఒమేగా-6 ఎక్కువగా ఉండే నూనెలను వ్యతిరేకించేవారి వాదన పూర్తిగా గాలి మాట కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో 1968 నుంచి 1973 దాకా 9,423 మందితో ఒక పరీక్ష జరిగింది. సంతృప్త కొవ్వు బదులు మొక్కజొన్న నూనె పెట్టారు. 2016లో పాత దస్త్రాలు తవ్వి తిరిగి విశ్లేషిస్తే, కొలెస్ట్రాల్ తగ్గింది గాని మరణాలు తగ్గలేదు. సిడ్నీలో 458 మంది పురుషులతో కుసుమ నూనె మీద జరిగిన పరీక్షను 2013లో తిరిగి లెక్కించినప్పుడు మరణాలు పెరిగినట్టే కనిపించింది. లినోలియిక్ ఆమ్లం నుంచి అరకిడోనిక్ ఆమ్లం, దాని నుంచి శరీరంలో శోథను, అంటే లోపలి వాపును ప్రేరేపించే పదార్థాలు తయారవుతాయన్నది వీరు చూపే మరొక ఆధారం.

రెండో పక్షం జవాబు ఇది. మిన్నెసోటాలో ఏడాది, అంతకు మించి ఆ భోజనం తిన్నవారు నాలుగోవంతు మందే. రక్తనాళాల జబ్బు దశాబ్దాలుగా ముదిరేది. సిడ్నీలో వాడిన మార్గరీన్‌లో (వెన్నకు బదులుగా నూనెతో చేసే పదార్థంలో) ట్రాన్స్ కొవ్వు ఉండి ఉండవచ్చు, అప్పట్లో దాని హాని ఎవరికీ తెలియదు. ఇక శోథ సంగతి: లినోలియిక్ ఆమ్లం ఎంత పెంచి తిన్నా రక్తంలో అరకిడోనిక్ ఆమ్లం దాదాపు మారదని మనుషుల మీద జరిగిన పరీక్షలు చూపాయి. పైగా 13 దేశాలకు చెందిన 30 అధ్యయనాలను కలిపి 2019లో ప్రచురించిన విశ్లేషణలో, ఒంట్లో లినోలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్నవారికే గుండె జబ్బుల ముప్పు తక్కువగా కనిపించింది. పరీక్షలూ పరిశీలనలూ కలిపి చూస్తే త్రాసు ఈ పక్షం వైపే మొగ్గుతోంది. అయితే విత్తన నూనెలు మనిషికి ఎక్కువగా చేరేది వేపుడు చిరుతిళ్ల ద్వారా, పొట్లాల సరుకు ద్వారా అన్నది వ్యతిరేకుల వాదనలో నిలిచే అంశమే. వాటిలో నూనెతో పాటు ఉప్పు, పిండి, చక్కెర కూడా ఉంటాయి, తప్పు ఎవరిదో విడదీయడం కష్టం.

## పొయ్యి మీద ద్విబంధం ఏమవుతుంది

కొవ్వును ద్రవంగా ఉంచే ద్విబంధమే దాని బలహీనత కూడా. ఆక్సిజన్ దాడి చేసేది ద్విబంధం పక్కనున్న చోటనే. లినోలియిక్ ఆమ్లం ఓలియిక్ ఆమ్లం కంటే పది రెట్లకు పైగా వేగంగా ఆక్సీకరణ చెందుతుంది, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అంతకు సుమారు రెండింతలు. మూత తీసి పెట్టిన వాల్‌నట్‌లు వేసవిలో కనరు వాసన కొట్టడం, అవిసె నూనెను చిన్న చిన్న ముదురు రంగు సీసాల్లో అమ్మడం ఇందుకే. వంట నూనెకు పొగ వచ్చే ఉష్ణోగ్రతనే చాలామంది కొలమానంగా చూస్తారు గాని, అది సగం కథ. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె శుద్ధి చేసిన నూనెల కంటే ముందే పొగ వదిలినా, ఏక అసంతృప్తం ఎక్కువగా ఉండటం వల్లా, సహజ రక్షక పదార్థాల వల్లా వేడికి బాగానే తట్టుకుంటుంది. వాడిన నూనెనే మళ్లీ మళ్లీ కాచే చోట బహు అసంతృప్త నూనెలు ముందుగా చెడతాయి.

## సీసా మీది మాటలకు అర్థం

‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న ముద్ర ఏ మొక్కల నూనె మీద వేసినా నిజమే, కొబ్బరి నూనె మీద వేసినా సరే. అందుకే దాని వల్ల తెలిసేది సున్నా. ‘ఒమేగా-3 ఉంది’ అన్న మాట ఎంత ఉందో, ఏ రకమో చెప్పదు. పనికొచ్చేది వెనుక వైపు చిన్న అక్షరాల్లో ఉండే పట్టిక. ఉదాహరణకు పొద్దుతిరుగుడు నూనెలో సాధారణ రకానికి 100 గ్రాములకు సంతృప్తం 10 గ్రాములు, ఏక అసంతృప్తం 20, బహు అసంతృప్తం 66 అని ఉంటుంది. ఓలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉండేలా పెంచిన విత్తనాల నూనె అయితే ఏక అసంతృప్తం 80 దాటి, బహు అసంతృప్తం 10కి దిగువన ఉంటుంది. కొవ్వుల పొందికలో అది ఆలివ్ నూనెకు దగ్గరి చుట్టం, వేయించడానికీ ఎక్కువ ఓర్చుకుంటుంది. రెండు సీసాల ముందు వైపూ అచ్చువేసే బొమ్మ మాత్రం అదే పసుపు పువ్వు.